లెఫ్ట్ బ్యాక్ షాట్ కుడికే ఎందుకు పోతోంది? ఒక హ్యాండ్‌బాల్ కేసు

మా హైస్కూల్ అమ్మాయిల జట్టులో తొమ్మిదో నంబరు జెర్సీ వేసుకునే పిల్ల గురించి ఇది. పదో తరగతి, కుడి చేతి వాటం, లెఫ్ట్ బ్యాక్. అంటే ఎడమ వైపు వెనక నుంచి వచ్చి దూరం నుంచి షాట్ వేసే చోటు. అందరికంటే గట్టిగా విసిరేది తనే, చేతికొచ్చిన గోల్స్ ఎక్కువగా పోగొట్టేదీ తనే. మ్యాచ్ అయ్యాక జట్టు పిల్లలు ఏమీ అనరు కానీ నీళ్ల బాటిల్ అందించే తీరులోనే తెలిసిపోతుంది.

జూన్‌లో బడి తెరిచాక నేను చేసిన మొదటి పని బంతి మార్చడం. ఎవరో దాత ఇచ్చిన మూడో సైజు బంతితో రెండేళ్లుగా ఆడిస్తున్నాం. దాని చుట్టుకొలత 58 నుంచి 60 సెంటీమీటర్లు, బరువు 425 నుంచి 475 గ్రాములు. పదహారేళ్లు దాటిన మగవాళ్ల బంతి అది. పద్నాలుగేళ్లు దాటిన ఆడపిల్లలకు రెండో సైజు: 54 నుంచి 56 సెంటీమీటర్లు, 325 నుంచి 375 గ్రాములు. వేళ్లు బంతిని పట్టుకోలేకపోతే పిల్లలు దాన్ని అరచేతిలో మోసుకుని నెడతారు, విసరరు. ఇది నాకు ముందే తెలిసిన సంగతి. అయినా ఉన్న బంతితో కానిచ్చేశాను, ఆ తప్పు నాదే. బంతి మారాక జట్టంతా కొంచెం బాగుపడింది. తొమ్మిదో నంబరు మాత్రం షాట్ వేగం పెంచుకుంది, గురి ఎక్కడిదక్కడే.

జూలైలో పక్క మండలాల జట్లతో మూడు మ్యాచ్‌లు ఆడాం. అప్పుడే నోట్‌బుక్ మొదలుపెట్టాను. పేజీకో గోల్ గీసి తొమ్మిది గళ్లు చేసి, చుట్టూ ఖాళీ వదిలాను. గోల్ వెనకాల ఎనిమిదో తరగతి పిల్లను కూర్చోబెట్టి, బంతి ఎక్కడ గీత దాటిందో అక్కడ గుర్తు పెట్టమన్నాను. గోలైతే చుక్క, కీపర్ ఆపితే సున్న, బయటికి పోయినా పోస్ట్‌కి తగిలినా ఇంటూ. డిఫెండర్ చేతికి తగిలినవి లెక్కలోకి తీసుకోలేదు.

మూడు మ్యాచ్‌లలో తన షాట్లు 31. గోల్స్ 9, కీపర్ ఆపినవి 13, బయటికి పోయినవి 9. ఇవి కాకుండా సెవెన్ మీటర్ త్రోలు, అంటే పెనాల్టీలు, 5 వేసింది, 4 గోల్స్.

ఆ చివరి లెక్క దగ్గరే నేను ఆగాల్సింది. ఆగలేదు. 'పెనాల్టీ అందరూ వేస్తారులే' అనుకుని పేజీ తిప్పేశాను. ఐదింటిలో నాలుగు పడే చెయ్యి, పరిగెత్తి ఎగిరితే మూడింటిలో ఒకటి కూడా వెయ్యలేకపోతోందంటే తేడా చేతిలో లేదన్నమాట. ఆ మాట నాకు తట్టడానికి ఇంకో నెల పట్టింది.

ఆ నెలలో చేసినవి కూడా రాస్తాను, ఎందుకంటే మనలో చాలామంది చేసేవి అవే.

మొదటిది సైకిల్ టైర్లు. గోల్ నాలుగు మూలలకూ పాత టైర్లు పురికొసతో వేలాడదీశాను. తొమ్మిది మీటర్ల గీత దగ్గర నిలబడి రోజూ వాటిలోంచి బంతి పంపాలి. మొదటి వారం 20కి 8 వెళ్లాయి, మూడో వారానికి 14. నాకు భలే సంతోషం వేసింది, హెడ్‌మాస్టర్ గారిని కూడా పిలిచి చూపించాను. ఆ వారాంతంలో ఫ్రెండ్లీ మ్యాచ్ పెట్టుకుంటే 10 షాట్లకు 3 గోల్స్. అంటే జూలైలో ఎంతో అంతే. నిలబడి విసరడం బాగా నేర్చుకుంది, అంతవరకే. మ్యాచ్‌లో నిలబడి విసిరేది సెవెన్ మీటర్ త్రో ఒక్కటే, అది తనకు ముందే వచ్చు.

రెండోది, 'మెల్లగా వెయ్యమ్మా, గురి చూసి వెయ్యి' అనడం. తర్వాతి ప్రాక్టీస్ మ్యాచ్‌లో 9 షాట్లు వేస్తే 2 గోల్స్, 6 కీపర్ చేతిలోకి. ఫోన్‌లో సెకనుకు 120 ఫ్రేముల వీడియో తీసి, బంతి చెయ్యి వదిలినప్పటి నుంచి గోల్ గీత దాకా ఫ్రేములు లెక్కపెట్టాను. మామూలుగా వేస్తే 8 మీటర్ల దూరానికి 67 ఫ్రేములు, అంటే సెకనులో సగానికి కాస్త ఎక్కువ, గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగం. నా మాట విని మెల్లగా వేసినప్పుడు 85 ఫ్రేముల పైన పట్టింది. కీపర్‌కి ఆ తేడా చాలు, ఒక అడుగు వేసి చెయ్యి చాపేస్తుంది. పోనీ గురి అయినా కుదిరిందా అంటే అదీ లేదు. అనుభవమున్న హ్యాండ్‌బాల్ ఆటగాళ్లతో చేసి 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలోనూ ఇదే తేలింది: గురి మీద దృష్టి పెట్టమంటే వేగం తగ్గింది, గురి మాత్రం మెరుగుపడలేదు. నేను అది తర్వాత చదివాను. ముందే చదివినా 'మెల్లగా వెయ్యి' అనకుండా ఉండేవాణ్ణి కాదేమో, నోటికి అలవాటైపోయిన మాట.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం మళ్లీ నోట్‌బుక్ తీశాను. ఈసారి ఎన్ని పోయాయని కాకుండా ఎటు పోయాయని చూశాను. బయటికి పోయిన 9లో 7 కుడి పోస్ట్ అవతల. ఒకటి బార్ పైన, ఒక్కటే ఎడమ పక్క. చెయ్యి అదుపులో లేకపోతే నాలుగు పక్కలా పోవాలి కదా. ఇలా ఒకే పక్కకి పోతోందంటే ఏదో ఒకటి ప్రతిసారీ అదే పని చేస్తోంది.

మర్నాడు కీపర్ లేకుండా 40 జంప్ షాట్లు వేయించాను. 20 ఎడమ కింది మూలకి, 20 కుడి కింది మూలకి. పరుగు మొదలెట్టే ముందే ఎటు వేస్తుందో పక్కనున్న పిల్ల చెవిలో చెప్పాలి, నాకు చెప్పకూడదు. నాకు తెలిస్తే ఆ మూలకే పోయినట్టు కనబడుతుంది మరి. ఎడమకన్న 20లో 5 మూలకి వెళ్లాయి, 14 గోల్ మధ్యలో పడ్డాయి, ఒకటి ఎడమ పోస్ట్ బయటికి. కుడికన్న 20లో 6 మూలకి, 2 మధ్యలోకి, 12 కుడి పోస్ట్ అవతలకి.

అప్పటిదాకా రెండు జబ్బులనుకున్నాను. కీపర్‌కి ఇచ్చేవి వేరు, బయటికి కొట్టేవి వేరు అని. రెండూ ఒకటే. ఎడమ మూల అనుకున్న బంతి కుడికి జరిగి మధ్యలో నిలబడ్డ కీపర్ దగ్గరికి పోతోంది. కుడి మూల అనుకున్న బంతి అంతే కుడికి జరిగి పోస్ట్ దాటుతోంది.

"సార్, నేను తిన్నగానే వేస్తున్నా సార్" అని అంతకుముందు చాలాసార్లు చెప్పింది. నేను సాకనుకున్నాను. పాపం, నిజమే చెప్పింది.

కుడికి జరిపేదేమిటో మట్టి చెప్పింది. మాది మట్టి కోర్టు, 40 మీటర్లు 20 మీటర్లు సున్నం గీతలు పోసుకుని ఆడతాం. ఈ ఆట మీద ఏ వీడియో చూసినా నునుపైన హాలు ఫ్లోరే. మట్టి మీద ఆడటం మన పేదరికమని పిల్లలు అనుకుంటారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటను ఆరుబయటే, జట్టుకు 11 మందితో ఆడారనీ, 1972 మ్యూనిక్‌లోనే హాలు ఆటగా ఒలింపిక్స్‌లోకి వచ్చిందనీ చెబితే కాసేపు సంతోషిస్తారు. ఆ రోజు నీళ్లు చల్లిన గ్రౌండ్ మీద మా తొమ్మిదో నంబరు ఎగిరి షాట్ వేసి దిగింది. నేను సున్నం డబ్బా తీసుకుని వెళ్తూ కిందికి చూశాను. ఎగిరిన ఎడమ కాలి ముద్ర తొమ్మిది మీటర్ల గీత దగ్గర లోతుగా ఉంది. దిగిన ముద్ర ముందుకే కాక బాగా కుడి పక్కకి ఉంది. పైగా ఎగిరిన ముద్రలో బొటనవేలు గోల్ వైపు లేదు, కుడి వింగ్‌లో, అంటే కోర్టు కుడి అంచున ఆడే పిల్ల వైపు ఉంది.

ఎగిరిన ముద్ర నుంచి గోల్ మధ్యకి పురికొస లాగి కట్టాం. దిగిన ముద్ర ఆ తాడుకి ఎంత పక్కన ఉందో టేపుతో కొలిచాం. పది షాట్లకు పదిసార్లు. తక్కువలో తక్కువ 70 సెంటీమీటర్లు, ఎక్కువలో ఎక్కువ 110, చాలావరకు 90కి అటూ ఇటూ.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. తను గాలిలో ఉండేది సుమారు అర సెకను. ఆ అర సెకనులో 90 సెంటీమీటర్లు పక్కకి పోతోందంటే, సెకనుకు దాదాపు 1.8 మీటర్ల వేగంతో కుడికి కొట్టుకుపోతోంది. చెయ్యి వదిలిన బంతికి ఆ పక్క వేగం కూడా అంటుకునే ఉంటుంది. కదిలే బస్సులోంచి పారేసిన కాగితం ఉండ ముందుకు పోయినట్టు. బంతి గోల్ చేరడానికీ అర సెకను పైనే పడుతుంది. కాబట్టి మనిషి గాలిలో పక్కకి ఎంత జరిగిందో, బంతి గోల్ దగ్గర దాదాపు అంతే జరుగుతుంది. అలవాటు మీద చెయ్యి కొంత సర్దుకుంటుంది, మొత్తం సర్దుకోదు. గోల్ వెడల్పు 3 మీటర్లే. అందులో అర మీటరు జరిగినా మూల కాస్తా కీపర్ ఒడి అయిపోతుంది, లేదా పోస్ట్ అవతల అవుతుంది. చెయ్యి తప్పుతో పోల్చి చూస్తే ఇది ఎంత పెద్దదో అర్థమవుతుంది. 9 మీటర్ల నుంచి విసిరేటప్పుడు చెయ్యి ఒక డిగ్రీ తప్పితే బంతి 16 సెంటీమీటర్లు మాత్రమే తప్పుతుంది. అర మీటరు తప్పాలంటే చెయ్యి మూడు డిగ్రీల పైన తప్పాలి. మణికట్టు, మణికట్టు అని ఏళ్ల తరబడి నేను వేసిన కేకలన్నీ ఆ ఒకటి రెండు డిగ్రీల కోసమే.

టైర్ల ప్రాక్టీస్ ఎందుకు పనిచేయలేదో, సెవెన్ మీటర్లు ఎందుకు పడుతున్నాయో రెండూ ఇందులోనే ఉన్నాయి. సెవెన్ మీటర్ త్రోలో ఒక కాలు నేల మీదే ఉంచి, విజిల్ పడ్డ 3 సెకన్లలో వెయ్యాలి. అక్కడ పక్కకి పోవడమనేదే లేదు.

అడ్డంగా పరిగెత్తడం అసలు మానేయమంటే? అలా చెప్పలేను. ఎడమ నుంచి మధ్యకి కోసుకుంటూ రావడమే తన బలం, డిఫెండర్ తప్పేది దానివల్లే. తిన్నగా వస్తే ఇద్దరు అమ్మాయిలు ముందు గోడలా నిలబడతారు. కాబట్టి అడ్డంగానే రావాలి, ఎగిరేది మాత్రం గోల్ వైపు ఎగరాలి. మధ్యలో ఎక్కడో బ్రేక్ పడాలి.

బ్రేక్ ఎక్కడ వెయ్యాలన్న దగ్గర మళ్లీ తప్పు చేశాను. చివరి అడుగులో తిప్పమన్నాను. బంతి పట్టాక మూడు అడుగులు: ఎడమ, కుడి, ఎడమ. మూడో అడుగు ఎడమ కాలు. కుడికి పోతున్న ఒంటిని ఎడమ కాలితో ఆపాలంటే ఆ కాలు కుడి కాలిని దాటి అవతల పడాలి. రెండు రోజులు ప్రయత్నించి మూడో రోజు చీలమండ మెలిక పడి కూర్చుంది. నాలుగు రోజులు ఆట లేదు. వాళ్లమ్మ బడికి వచ్చి, "చదువుకునే పిల్ల సార్, కాలు గీలు విరిగితే ఎట్టా?" అని అడిగింది. తల దించుకుని విన్నాను.

ఆ నాలుగు రోజుల్లో అడుగులు నేనే వేసి చూసుకున్నాను. బ్రేక్ వెయ్యాల్సింది రెండో అడుగులో. కుడికి పోతున్నప్పుడు ఆపగలిగేది కుడి కాలే. దాన్ని ఒంటికి బాగా బయటికి వెడల్పుగా వేసి, మోకాలు వంచి, అక్కడి నుంచి నేలను తన్నితే మూడో అడుగు దానంతట అదే గోల్ వైపు పడుతుంది. దీన్ని తనకెలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే, ఎనిమిదో తరగతి దాకా ఖోఖో ఆడిందని గుర్తొచ్చింది. ఛేజర్ వెంటపడుతుంటే ఒంటి కాలి మీద ఆగి దారి మార్చడం ఖోఖో పిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు. "రెండో అడుగులో ఖోఖో" అన్నాను. అంతే. నాలుగు మాటల బయోమెకానిక్స్ చెప్పుంటే ఇంకో వారం పట్టేది. అసలు తను అడ్డంగా ఎగరడం కూడా ఖోఖో నుంచి వచ్చిన అలవాటే అయ్యుండొచ్చని నా అనుమానం, రుజువు లేదు.

తర్వాత ఆరు వారాల పని ఇది. సాయంత్రం గ్రౌండ్ తడిపి, తొమ్మిది మీటర్ల గీత నుంచి ఆరు మీటర్ల డి లైన్ దాటి లోపలిదాకా సున్నంతో మీటరు వెడల్పు దారి గీసేవాళ్లం. అడ్డంగా వచ్చి, రెండో అడుగు దారి బయట వేసి, మూడోది దారి మధ్యలో వేసి ఎగిరి, దారిలోనే దిగాలి. గాలిలో ఉండగా బంతి వదిలేస్తే డి లోపల దిగినా తప్పు లేదు. మొదటి వారం బంతి లేకుండానే చేయించాను. పిల్లలకు విసుగొచ్చింది, నాకూ వచ్చింది. రెండో వారం బంతి ఇచ్చాను, గోల్ చూడొద్దన్నాను, దిగిన ముద్రే చూసుకోవాలి. మూడో వారం మూలలు. షాట్ అయ్యాక బంతి ఎక్కడ పడిందో చూడకముందే 'ఎంత జరిగావు?' అని అడిగేవాణ్ణి. తను ఒక అంకె చెప్పేది, తర్వాత టేపు పెట్టేవాళ్లం. మొదట్లో 30 అంటే 80 ఉండేది. నెల తిరిగేసరికి తను చెప్పే అంకెకీ టేపుకీ పది సెంటీమీటర్ల తేడా కూడా ఉండేది కాదు. రోజుకు 25 జంప్‌లకు మించి చేయించలేదు, మోకాళ్లు మళ్లీ దొరకవు.

నాలుగో వారంలో ఒక డిఫెండర్‌ను పెట్టాం. ముద్రలు మళ్లీ 60 దాకా పోయాయి. డిఫెండర్ మీదికి వస్తుంటే తప్పించుకోవాలన్న తొందరలో రెండో అడుగు చిన్నదైపోతోంది. దానికి నా దగ్గర చిట్కా ఏమీ లేకపోయింది. బంతి కొంచెం ముందుగా, డిఫెండర్‌కి ఇంకో మీటరు దూరంలో ఉండగానే అందేలా సెంటర్ ఆడే పిల్లతో మాట్లాడుకోమన్నాను. అది వాళ్లిద్దరూ వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు, నాకంటే బాగా.

పక్కకి జరగడం తగ్గాక ఇంకోటి బయటపడింది. ఎటు వెయ్యాలో పరుగుకి ముందే నిర్ణయించుకుని, ఆ మూలనే చూస్తూ వస్తోంది. మంచి కీపర్ కళ్లు చదివేస్తుంది. ఇంతకాలం బంతి తను చూసిన చోటికి పోయేది కాదు కాబట్టి ఈ లోపం దాగింది. నెట్ వెనకాల ఒక పిల్లకు రెండు చేతుల్లో రెండు రుమాళ్లు ఇచ్చి నిలబెట్టాను. షూటర్ రెండో అడుగు వేసినప్పుడు ఆమె ఒక రుమాలు ఎత్తాలి, బంతి రెండో మూలకి పోవాలి. తల ఎత్తి వస్తేనే అది కనబడుతుంది. మొదటి రోజు షాట్లన్నీ పాడయ్యాయి, గోల్ పక్కనున్న వేపచెట్టుకి తగిలినవే ఎక్కువ. రెండు వారాలకు సగానికి సగం సరైన మూలకి పోయేవి. ఇంకా సగం అంతే.

సెప్టెంబరు చివర్లో మళ్లీ మూడు మ్యాచ్‌లు. షాట్లు 26, గోల్స్ 13, కీపర్ ఆపినవి 9, బయటికి 4. ఆ నాలుగింటిలో రెండే కుడి పక్క. ముద్రలు డిఫెండర్ లేకుండా 30 లోపు, ఉంటే 50 దగ్గర.

ఈ అంకెలను ఇంతకంటే పెద్దవి చేసి చూడొద్దు. రెండుసార్లూ ఎదురుగా ఉన్న జట్లు ఒకటే కాదు. సెప్టెంబరులో ఆడిన ఒక జట్టు కీపర్ కొత్తపిల్ల, 13లో 6 గోల్స్ ఆ ఒక్క మ్యాచ్‌లోనివే. మా తొమ్మిదో నంబరుకి మూడు నెలల ఆట కూడా కలిసింది కదా, ఏమీ చేయకపోయినా కొంత పెరిగేది. నేను గట్టిగా నమ్మేది ఒక్క మార్పునే: తప్పులు ఇప్పుడు ఒకే పక్క పడటం లేదు. మామూలు పిల్లల తప్పుల్లా అటూ ఇటూ పడుతున్నాయి.

మ్యాచ్ చివరి పది నిమిషాల్లో మాత్రం పాత అలవాటు వచ్చేస్తోంది. కాళ్లు అలిసిపోతే బ్రేక్ పడదు. ఆ సమయానికి మోచెయ్యి కూడా భుజం కిందికి జారి బంతి నెడుతోంది. అప్పుడు తనను బయటికి తీయాలా, లెఫ్ట్ వింగ్‌కి మార్చాలా అనేది ఇంకా తేల్చుకోలేదు. బయటికి తీస్తే ముఖం మాడ్చుకుంటుంది.

ఇదే పద్ధతిలో మా కుడి వింగ్ పిల్లకు కూడా ముద్రలు కొలిచాను. ఏ ఉపయోగమూ లేదు. వింగ్ నుంచి కనబడే గోలే సన్నగా ఉంటుంది, అక్కడ ఎంత లోపలికి ఎగిరితే అంత కోణం తెరుచుకుంటుంది. అంటే పక్కకి పోవడమే కావాలి. నేను దారి గీసి ఆ పిల్ల ఆట రెండు వారాలు చెడగొట్టాను.

ఇప్పుడు రైట్ బ్యాక్‌లోకి తొమ్మిదో తరగతి ఎడమ చేతి వాటం పిల్ల వచ్చింది. ఆమె ఇంటూ గుర్తులన్నీ ఎడమ పక్కనే ఉన్నాయి. సోమవారం కొలవాలి. వాన పడకపోతే బోరు నీళ్లు ఒక గంట వదలమని వాచ్‌మన్‌ను ఇవాళే అడిగి ఉంచాలి.